కలివికోడిని చూడటానికి ట్రింగ్ దాకా

సోమవారం, లండన్

సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి నాచురల్ హిస్టరీ మ్యూజియం దాకా నేల కింద సొరంగ మార్గం ఉంది. వాన పడుతున్నా అందులో తడవకుండా వెళ్లిపోవచ్చు. నేను మాత్రం రోడ్డు మీదికి వచ్చి నడిచాను, భవనాన్ని ముందు బయటి నుంచి చూడాలని. ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ రూపకల్పనలో కట్టి 1881లో తెరిచిన ఈ కట్టడం ఒంటి నిండా కాల్చిన మట్టి బొమ్మలే. పడమటి వైపు గోడల మీద నేటికీ బతికి ఉన్న జీవులు, తూర్పు వైపు అంతరించిపోయినవి. గొర్రె నుంచి రెక్కల బల్లి దాకా శిల్పులు శ్రద్ధగా మలిచారు.

మా కడప పొదల్లో రాత్రిపూట తిరిగే అరుదైన పిట్ట కలివికోడిని (జెర్డన్స్ కోర్సర్) వీళ్లు ఏ వైపు పెట్టేవారో అనుకున్నాను. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూసిన తర్వాత 86 ఏళ్ల పాటు అది ఎవరికీ కనబడలేదు. పుస్తకాలు దాన్ని దాదాపు తూర్పు గోడకు పంపేశాయి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని ప్రాణంతో పట్టుకున్నాడు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి, బొమ్మ చూపించి అడిగిన ఫలితం అది. రెండేళ్లకు ఆ పిట్ట కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

నేను ఆ జిల్లాలోనే జంతుశాస్త్రం చెబుతాను. రేగు, కలివి పొదల మధ్య ఎన్నో రాత్రులు చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. కలివికోడి కనబడలేదు, దాని కూతా వినబడలేదు. దాని శరీరమైనా చూడాలన్నది చాలా కాలంగా నాలో ఉన్న కోరిక. 19వ శతాబ్దిలో సేకరించిన కలివికోళ్లు ఈ మ్యూజియం వారి పక్షుల విభాగంలో ఉన్నాయి. ఆ విభాగం లండన్‌లో కాక ట్రింగ్ అనే చిన్న పట్టణంలో ఉంది. ఏం చూడదలిచానో, ఎందుకో వివరంగా రాసి ముందుగా అనుమతి తెచ్చుకున్నాను.

ఈ రోజంతా ఇక్కడే గడిచింది. హాలులోకి అడుగు పెట్టగానే నెత్తి మీద నీలి తిమింగలం అస్థిపంజరం, 25 మీటర్లు. 1891లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం అది. 2017 నుంచి నీళ్లలోకి మునుగుతున్న భంగిమలో వేలాడుతోంది. పిల్లలు దాని కింద వెల్లకిలా పడుకుని చూస్తున్నారు. ఎవరూ లేవమనడం లేదు, అది నాకు బాగా నచ్చింది. మ్యూజియం దగ్గరున్న నమూనాలు ఎనిమిది కోట్లు. జనం చూసేది అందులో పిసరంత. మిగతాదంతా తలుపుల వెనక పరిశోధన కోసం.

మంగళవారం, ట్రింగ్

యూస్టన్ నుంచి రైలు ముప్పావు గంట లోపే ట్రింగ్ చేర్చింది. స్టేషన్ ఒక చోట, ఊరు మరో చోట. మధ్య మూడు కిలోమీటర్ల పొలాల దారి. ఊళ్లో అడ్రసు అడిగితే అందరూ ‘రాత్స్‌చైల్డ్ మ్యూజియం’ అనే చెప్పారు.

వాల్టర్ రాత్స్‌చైల్డ్ బ్యాంకర్ల కుటుంబంలో పుట్టి బ్యాంకును పట్టించుకోని మనిషి. ప్రాణుల మీదే ఆయన ప్రాణం. సొంత సేకరణతో 1892లో ఈ మ్యూజియం తెరిచాడు. జీబ్రాలు పూన్చిన బండి తోలుకుంటూ బకింగ్‌హామ్ ప్యాలెస్ దాకా వెళ్లాడు. డబ్బు కటకటలో పడి 1932లో రెండు లక్షల ఎనభై వేల పక్షి తోళ్లను న్యూయార్క్ మ్యూజియానికి అమ్ముకున్నాడు. 1937లో చనిపోతూ మిగిలినదంతా దేశానికి రాసిచ్చాడు. అద్దాల బీరువాలు నేల నుంచి కప్పు దాకా ఉన్నాయి. సగం ఒంటికే చారలున్న జీబ్రా రకం క్వాగ్గాను ఇక్కడే చూశాను. ప్రాణంతో అది ఇక ప్రపంచంలో ఎక్కడా లేదు. మెక్సికోలో ఎవరో ఓపికగా బట్టలు తొడిగిన ఈగంత కూడా లేని గోమార్లను భూతద్దం పెట్టి చూపిస్తున్నారు.

పక్షుల విభాగం ఆ పక్కనే, 1970ల నాటి భవనంలో ఉంది. బయట బోర్డు చూసి ఎవరూ ఆగరు. సంచులు, కోటు లాకరులో పెట్టించారు. పెన్ను వద్దన్నారు, పెన్సిలు చాలన్నారు. చేతికి తొడుగులు ఇచ్చారు. పాతకాలంలో తోళ్లకు పురుగు పట్టకుండా లోపల ఆర్సెనిక్ కలిపిన సబ్బు రాసేవారు, ఆ విషం నేటికీ అందులో ఉంటుంది.

సంచుల విషయంలో ఇంత పట్టుదలకు కారణం ఉంది. 2009 జూన్‌లో రాత్రివేళ ఒక యువకుడు కిటికీ పగలగొట్టి లోపలికి దూరి 299 పక్షి తోళ్లను సూట్‌కేసులో నింపుకుపోయాడు. గాలానికి కట్టే రంగురంగుల ఈకల కోసం. పోలీసులు పట్టుకున్నాక 174 పక్షులు చెక్కుచెదరకుండా దొరికాయి. వాటిలో కాలికి చీటీ ఉన్నవి 102 మాత్రమే. మిగతావాటి చీటీలు తెంపి పారేశారు. చీటీ లేని ఆ పిట్ట ఏ అడవిదో, ఏ ఏటిదో ఇక ఎవరూ చెప్పలేరు. ఈకలన్నీ ఉన్నాయి, శాస్త్రానికి మాత్రం అది పోయినట్టే. ఈ సంగతి క్యూరేటర్ చెబుతుంటే ఆమె గొంతులో బాధ ఇన్నేళ్లయినా తగ్గలేదనిపించింది.

మొత్తం ఏడు లక్షల దాకా పక్షి తోళ్లు, ప్రపంచంలోని పక్షి జాతుల్లో 95 శాతం దాకా ఈ నాలుగు గోడల మధ్య ఉన్నాయి. ఆకుపచ్చ, తెలుపు లోహపు బీరువాలు వరసలు వరసలుగా. ఏ సొరుగు లాగినా వెల్లకిలా పడుకోబెట్టిన పిట్టలే. కడుపు దగ్గర కోసి, మాంసం తీసి, దూది కూరి, కుట్టి, కాళ్లు కలిపి చీటీ కట్టి ఉంటాయి. కంటి చోట దూది తెల్లగా కనిపిస్తుంది. మ్యూజియం గ్యాలరీలో కొమ్మ మీద నిలబెట్టే పిట్టకూ దీనికీ సంబంధం లేదు. ఇది కొలవడానికి, పోల్చడానికి ఉన్నది.

బుధవారం, ట్రింగ్

కలివికోళ్ల సొరుగు ఈ రోజు తెరిచారు.

క్యూరేటర్ తెల్ల కాగితం పరిచిన ట్రేలో ఒకదాన్ని ఉంచి బల్ల మీద పెట్టి, “మీ ఊరి పిట్ట, నిదానంగా చూసుకోండి” అన్నారు. మాట రాలేదు నాకు.

జానెడు కంటే కొంచెం పెద్దది. పుస్తకాల్లో 27 సెంటీమీటర్లు అని చదివాను, చూస్తే అంత అనిపించదు. నడినెత్తి మీద సన్నటి తెల్లని గీత, కళ్ల మీదుగా వెడల్పాటి లేత రంగు పట్టీ. గొంతు తెలుపు, దాని కింద ఎర్రమట్టి రంగు మచ్చ. ఎదురొమ్ము మీద రెండు పట్టీలు: పైది వెడల్పు, కిందిది సన్నం. ముక్కు మొదట్లో పసుపు, చివర నలుపు. ఇన్నేళ్లకు ఆ పసుపు వెలిసి గడ్డి రంగుకు తిరిగింది. రంగులు ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకుంటూ పోయాను. వీపు మీది గోధుమ రంగు దగ్గర ఆగిపోయాను. లంకమల కింద ఎండిన బోదగడ్డి మధ్య నేల రంగు ఇదే. అంతసేపు కూర్చున్నా నాకెందుకు కనబడలేదో అర్థమైంది.

కాళ్లు చూశాను. వెనక వేలు లేదు, ముందుకు మూడే వేళ్లు. 2000 తర్వాత మా జిల్లాలో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని బారుగా పరిచి, రాత్రి దాని మీద పడిన కాలిముద్రలను బట్టి ఈ పిట్ట ఎక్కడ తిరుగుతోందో కనిపెట్టారు. కెమెరాలు కట్టారు, రికార్డు చేసిన కూతను సంధ్యవేళ వినిపించి జవాబు వస్తుందేమోనని చూశారు. చెట్లు మరీ దట్టంగా కాకుండా, మరీ నరికేసి బయలుగా కాకుండా, పొదల మధ్య కాస్త ఖాళీ ఉన్న నేలే దీనికి కావాలని అలా తేలింది. తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది కూడా ఆ పరిశోధన చేతిలో ఉండబట్టే.

థామస్ జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన సైనిక వైద్యుడు. నెల్లూరు, కడప జిల్లాల సరిహద్దు కొండల్లో ఈ పిట్టను మొదట పట్టించింది ఆయనే. 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. తర్వాత భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో దాన్ని చూశాడు. అంటే గోదావరి నుంచి పెన్న దాకా మన నేలంతా దీనిదే. ఆ సంగతి తెలిసింది జెర్డన్, బ్లాన్‌ఫర్డ్ వంటివారు ఎక్కడ చూశారో ఊరి పేరు రాసిపెట్టబట్టే. లేకపోతే కడప జిల్లాలో మిగిలిన కాస్త చోటే దాని పుట్టిల్లు అనుకునేవాళ్లం, గోదావరి పక్కన వెదకాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చేది కాదు.

మధ్యాహ్నం గుడ్డు సంగతి వచ్చింది. కలివికోడి గుడ్డును శాస్త్రజ్ఞులెవరూ చూసింది లేదని చాలా కాలం అనుకున్నారు. స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలు సర్దుతుండగా ఆచార్య అలన్ నాక్స్ కంట ఒక గుడ్డు పడింది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది, కలివికోడిదని పేరు రాసి ఉంది. రాసినంత మాత్రాన నమ్మేదెలా? ఇక్కడ, ట్రింగ్‌లో ఉన్న కలివికోడి తోలు నుంచి కాలి వేలి అడుగున మెత్తని చర్మం కొద్దిగా తీసుకున్నారు. దాని డీఎన్ఏను గుడ్డు లోపలి పొర నుంచి దొరికిన డీఎన్ఏతో పోల్చారు. రెండూ కలిశాయి. 2013లో ఆ ఫలితం అచ్చయింది. తుపాకీతో కాల్చి దూది కూరినవాడికి డీఎన్ఏ అనే మాటే తెలియదు. తనకు తెలియని ప్రశ్నకు జవాబును అతను దాచిపెట్టి పోయాడు. భద్రపరచడం అంటే ఇదే అని నాకు ఇంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు.

కోలారు మన భాష వినిపించే నేల. అక్కడి రాళ్ల గుట్టల మధ్య ఒకప్పుడు ఈ పిట్ట గుడ్లు పెట్టి పొదిగిందంటే, ఇప్పుడు కూడా ఎవరైనా రాత్రిళ్లు వెళ్లి చెవి పెట్టి వినాలి. అది రాసుకున్నాను.

గురువారం, ట్రింగ్

ఈ రోజు నేను వచ్చిన రెండో పని: నల్లమల, పాలకొండల పికిలిపిట్టల రెక్కలు కొలవడం.

1929, 30ల్లో ఆర్థర్ వెర్నే అనే ధనికుడి ఖర్చుతో తూర్పు కనుమల పక్షుల సర్వే జరిగింది. సేకరించిన వాటిని పక్షి శాస్త్రజ్ఞులు హ్యూ విస్లర్, నార్మన్ కినియర్ పరిశీలించి ఏళ్ల తరబడి వ్యాసాలుగా అచ్చువేశారు. ఆ పక్షులు బొంబాయికీ ఇక్కడికీ వచ్చాయి. పికిలిపిట్టల సొరుగులో ‘పాలకొండలు, దక్షిణ కడప’ అని చీటీ చూసినప్పుడు పరాయి దేశంలో మనవాళ్లు పిలిచినట్టయింది. మా పెరట్లో గోరింట కొమ్మ మీద వాలే అదే పిట్ట. తోక కింద ఎరుపు నిన్నటిలాగే ఉంది. రెక్క మడిచిన చోట నుంచి పొడవాటి ఈక చివర దాకా స్కేలు ఆనించి కొలవాలి. నొక్కితే ఒక కొలత, నొక్కకపోతే మరొకటి వస్తుంది కాబట్టి ఏ పద్ధతిలో కొలిచామో కూడా రాయాలి. సాయంత్రానికి మెడ పట్టేసింది. అయినా ఆపాలనిపించలేదు.

టీ వేళ హ్యూమ్ ప్రస్తావన వచ్చింది. కాంగ్రెస్ స్థాపకుడిగా మన పాఠాల్లో చదివిన ఏ.ఓ.హ్యూమ్. ఆయన సిమ్లా ఇంట్లో పక్షులకు ప్రత్యేకంగా మ్యూజియమే కట్టించాడు. పాతికేళ్లు రాసుకున్న రాతప్రతులను ఇంట్లోనే ఎవరో దొంగిలించి తూకానికి అమ్మేశారు. ఆయన మనసు విరిగిపోయింది. 82 వేల నమూనాలను ఈ మ్యూజియానికే ఇచ్చేశాడు. 1885లో, కాంగ్రెస్ పుట్టిన ఏడే, మ్యూజియంలో పక్షుల విభాగం చూసే బౌడ్లర్ షార్ప్ సిమ్లా వెళ్లి వాటిని పెట్టెలకెత్తించాడు. మన పక్షుల గురించి ఇవాళ ఏ పుస్తకం రాసినా ఆ పెట్టెల దగ్గరికి రావలసిందే.

మన పిట్టను చూడటానికి నాకు వీసా కావలసి వచ్చిందన్న బాధ నాలో లేకపోలేదు. ఉంది. తుపాకులతో వచ్చినవాళ్లు అడవిని అడిగి తీసుకోలేదు, అక్కడి మనుషులనూ అడగలేదు. పిట్టలను పట్టిచ్చిన యానాదుల, చెంచుల పేర్లు చీటీల మీద ఉండవు. ఐతన్న పేరు శాస్త్ర వ్యాసంలో చేరడానికి 1986 దాకా ఆగాలి. కనీసం ఈ నమూనాల బొమ్మలు, వివరాలు పూర్తిగా మన విశ్వవిద్యాలయాలకు అందాలని అడగడం మన హక్కు. క్యూరేటర్‌తో ఆ మాటే అన్నాను. ఆమె కాదనలేదు, పని ఎంత మిగిలి ఉందో చూపించారు.

అబద్ధపు చీటీ ఎంత చెరుపు చేస్తుందో తెలుసుకోవాలంటే అడవి చిన్న గుడ్లగూబ (ఫారెస్ట్ ఔలెట్) కథ వినాలి. ఖాందేశ్‌లో 1880ల్లో డేవిడ్‌సన్ సేకరించిన ఒక నమూనాను రిచర్డ్ మైనెర్ట్‌జాగెన్ అనే కర్నల్ ఈ మ్యూజియం నుంచే కాజేసి, మళ్లీ కుట్టి, గుజరాత్‌లోని మాండ్వి దగ్గర 1914లో తాను పట్టినట్టు చీటీ కట్టాడు. దాన్ని నమ్మి వెదికినవాళ్లు తప్పు చోట వెదికారు. అమెరికన్ పక్షి శాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ ఆ తోలు లోపలి కుట్టు తీరును బట్టి దొంగతనాన్ని బయటపెట్టింది. నిజమైన చీటీల మీది ఊళ్ల వైపు వెళ్లి 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబను ప్రాణాలతో చూసింది. చివరి నిజమైన నమూనా దొరికిన 113 ఏళ్ల తర్వాత!

గుడ్ల గదిలో ఎక్కువసేపు ఉండలేకపోయాను, చీకటి పడుతోంది. ఒక్క సంగతి రాస్తాను. 1967లో డెరెక్ రాట్‌క్లిఫ్ పాత సేకరణల్లోని డేగ గుడ్ల పెంకులను తూచి, ఆ బరువును పొడవు వెడల్పుల లబ్ధంతో భాగించాడు. 1947 నుంచి పెంకు ఒక్కసారిగా పలచబడింది. డీడీటీ అనే పురుగుమందు వాడకం పెరిగిన కాలం అది. గూట్లో తల్లి కూర్చుంటే గుడ్లు చితికిపోవడానికి కారణం అలా దొరికింది. సరదాకు గుడ్లు దొంగిలించిన పెద్దమనుషులు తేదీ రాసి ఉండకపోతే ఆ లెక్క తేలేదే కాదు. బ్రిటన్‌లో 1954 నుంచి అలా గుడ్లు తీయడం నేరం, అది సరైన పనే.

తిరిగి గదికి నడుస్తుంటే మా కళాశాల ల్యాబ్ గుర్తొచ్చింది. బీరువా పైన దుమ్ము కొట్టుకుపోయిన కొమ్ముపిట్ట ఒకటి ఉంది. ఎవరో బాగానే కూరారు. కాలికి దారం ఉంది, చీటీ లేదు. మన ప్రాంతంలో పాత కళాశాలలు ఎన్నో ఉన్నాయి. ఫార్మలిన్ ఆరిపోయిన సీసాలు, చెదలు తిన్న పెట్టెలు, మరమ్మతుల పేరిట బయట పారేసిన తోళ్లు. ఇక్కడి డబ్బు మనకు లేకపోవచ్చు. పెన్సిలుతో ఊరు, తేదీ రాయడానికి డబ్బు అక్కర్లేదు. రోడ్డు మీద బండి గుద్ది చచ్చిన పక్షిని అటవీశాఖ అనుమతితో భద్రపరచినా చాలు, తుపాకీ పట్టే అవసరమే లేదు.

శుక్రవారం, లండన్

సాయంత్రం విమానం. ఉదయం మళ్లీ సౌత్ కెన్సింగ్టన్‌లోనే, కాని చూసినదాని కన్నా కంప్యూటర్ ముందు కూర్చున్నదే ఎక్కువ. మ్యూజియం తన నమూనాల వివరాలను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెడుతోంది. పక్షులన్నీ ఇంకా ఎక్కలేదు, కానీ ఎక్కినవే మనకు బోలెడు పని. ఇంటి దగ్గర నుంచే వెదకవచ్చు. పాత ఇంగ్లీషు స్పెల్లింగులతో వెదకండి. కడపను ‘కడ్డపా’ అని, విశాఖను ‘వైజాగపటం’ అని, మచిలీపట్నాన్ని ‘మసులిపటం’ అని రాసుకున్న కాలం అది. నేటి స్పెల్లింగుతో వెదికితే చాలా తప్పిపోతాయి. మీ తాలూకా పేరు కనబడితే దాని మీది ఏడాది చూడండి, ఆ పక్షి ఇప్పుడు మీ ఊళ్లో ఉందో లేదో మీకు తెలుసు.

2025 ఆగస్టులో కడప జిల్లాలో కలివికోడి కూత మళ్లీ రికార్డయింది. పిట్ట ఉంది. ఆ కబురు విన్న రాత్రి నిద్ర పట్టలేదు.

మ్యూజియం ఫలహారశాలలో కూర్చుని, ఇక ఆగలేక, మా కళాశాలలో చాలా ఏళ్లు ల్యాబ్ అటెండర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయనకు ఫోను చేశాను. ప్రొద్దుటూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు. కుశల ప్రశ్నలయ్యాక కొమ్ముపిట్ట సంగతి అడిగాను.

“బీరువా మీద ఉండేదా సార్? అది అహోబిలం దారిలో దొరికింది. గాలివానకు చెట్టు కూలితే దాని కింద చచ్చిపడి ఉంది. పాత సార్ టవల్లో చుట్టుకుని బస్సులో తెచ్చారు. నేనే దూది కూరాను.”

“ఏ సంవత్సరం పెద్దాయనా?”

కాసేపు లెక్కవేసుకున్నారు. “నేను ఉద్యోగంలో చేరిన మరుసటేడు సార్. వేసవి సెలవులకు ముందు. నా సర్వీసు పుస్తకంలో చేరిన తేదీ ఉంటుంది, చూసి చెబుతాను. చీటీ కూడా రాశాను సార్, దానికి కట్టాను కూడా. తెల్లసున్నాలు వేసినప్పుడు పోయి ఉంటుంది.”

ఆయన చెప్పినదంతా చెప్పినట్టే పెన్సిలుతో రాసుకున్నాను. చివర ఆయన పేరు కూడా రాశాను.